మంగలి విలెమ్ ఇంటి చేప

చేపల చెరువుల మధ్య ఉన్న ఆ బొహీమియా పట్టణంలో విలెమ్‌ది పడుచుతనం నుంచీ మంగలిపనే. కత్తి గొంతు మీద ఉన్నంతసేపూ కబుర్లు చెప్పాలని అతని నమ్మకం. ఏమీ దొరకనినాడు ఇంటి సంగతులు చెప్పేవాడు.

అక్కడ క్రిస్మస్‌కి ముందు ఇంటింటా బతికున్న చేపను తెచ్చి స్నానాల తొట్టిలో ఉంచుతారు. పండగపూట కోస్తారు. బిడ్డ పోయిన ఏడాది విలెమ్ భార్య బోజెనా దాన్ని కొయ్యనివ్వలేదు. చలికాలమంతా చేప తొట్టిలోనే ఉంది. మొగుడూ పెళ్ళాలు వంటింట్లో బేసిన్ పెట్టుకుని ఒళ్ళు కడుక్కున్నారు. సాయంత్రాలు ఆమె తలుపేసుకుని తొట్టి అంచున కూర్చుని దానితో మాట్లాడేది. మొగుడితో మాట్లాడేది ఉప్పు గురించి, బొగ్గు గురించి. మంచు కరిగాక చేపను తనే చెరువులో వదిలేసి వచ్చింది.

తర్వాతెప్పుడో ప్రాగ్ నుంచి వచ్చిన సినిమా దర్శకుడొకాయన గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాడు.

"మా ఆవిడకి ఇద్దరు మొగుళ్ళండీ. ఒకడికి ఈతొచ్చు," అన్నాడు విలెమ్. ఆయన నవ్వుకి కత్తి పక్కకి తీయాల్సి వచ్చింది.

ఆయన తీసిన సినిమా ఆ ఊరికి ఆదివారం మధ్యాహ్నం ఆటగా వచ్చింది. తెర మీద మేలిముసుగు వేసుకున్న పెళ్ళికూతురు తొట్టిలోని చేపను పెళ్ళాడింది. పాత మొగుడు తువ్వాలు పట్టుకుని సాక్షిగా నిలబడ్డాడు. హాలు గొల్లున నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది విలెమే.

వెనక వరసలోంచి కసాయి యారోష్ ముందుకి వంగాడు. "ఏం విలెమ్, తువ్వాలు మీ ఇంటిదేనా?"

అప్పుడు పెళ్ళికూతురు నీళ్ళ మీదికి వంగి, "చలేస్తోందా, నాన్నా? దీపం ఆర్పనులే," అంది.

అవి బోజెనా మాటలు. విలెమ్ తలుపుకి చెవి ఆనించి విన్నవి. అవి కూడా దర్శకుడికి చెప్పేశాడు, నురగ కలుపుతూ. హాలు మళ్ళీ నవ్వింది. విలెమ్ పక్కనున్న భార్య వైపు చూడలేకపోయాడు. బోజెనా కోటు గుండీలు పైదాకా పెట్టుకుని ఆట అయ్యేదాకా కూర్చుంది.

ఇంటికి నడుస్తూ, ఆ మాటలు దర్శకుడే కల్పించాడని చెప్పడానికి సిద్ధపడ్డాడు. రొట్టెల కొట్టు దగ్గర ఆమె ఆగింది.

"తలుపవతల నిలబడేవాడివా?"

"ఊఁ."

"రోజూనా?"

"ఊఁ."

"మరి లోపలికి రావచ్చుగా."

ఆమె జవాబు కోసం నిలబడే ఉంది. సినిమా చూసినవాళ్ళు ఇంకా నవ్వుకుంటూ వాళ్ళని దాటిపోతున్నారు. లోపలికొచ్చి ఏం మాట్లాడాలో తెలియలేదని చెప్పబోయాడు. అది నిజమే. ఊరందరితో మాట్లాడిన నోటితో ఆ మాట అనడానికి సిగ్గేసింది.