నల్ల గుడ్డ మీద కాజా

ఆ దర్జీ కొట్టులో రెండు కుర్చీలు, ఒక కిటికీ. పెద్దామె బట్టలు కత్తిరించి మిషను మీద కుడుతుంది. చిన్నామె గుండీలకి కాజాలు కుడుతుంది, చేత్తోనే. చుట్టరికమేమీ లేకపోయినా ఇరవై రెండేళ్ళుగా ఒకరినొకరు ‘వదినా’ అనే పిలుచుకుంటున్నారు. పెద్దామెకి ఇంట్లో తోడెవరూ లేరు. కొట్టు తలుపు తీసినప్పుడే ఆమెకి తెల్లవారుతుంది.

ఆ బుధవారం చిన్నామె సూదులు కొనడానికి బజారుకి వెళ్ళినప్పుడు ఒకాయన వచ్చాడు. నాటకాల కంపెనీలో దుస్తుల పని చూస్తాడట. చేతి కాజాలు కుట్టే మనిషి కావాలి, నెల జీతం, శనివారంలోగా కుదరాలి అన్నాడు.

పెద్దామె చేతిలో కత్తెర ఆగింది. “ఆవిడకి ఈమధ్య చూపు ఆనడం లేదండీ.”

ఇంకెవరైనా ఉంటే చెప్పమని, చిరునామా కాగితం బల్ల మీద పెట్టి ఆయన వెళ్ళిపోయాడు.

అబద్ధం నోటితో పోలేదు, చేతుల్లోకి దిగింది. మర్నాటి నుంచి చిన్నామె సూదిలో దారం తనే ఎక్కించసాగింది. కిటికీ పక్క కుర్చీ ఆమెకిచ్చి, తను మసక మూలకి జరిగింది. మెట్టు దిగేటప్పుడు మోచెయ్యి కూడా పట్టుకుంది.

శనివారం పొద్దున చిన్నామె సూది లాక్కుంది. “ఏంటి వదినా నీ వరస? నన్ను గుడ్డిదాన్ని చేసి కూర్చోబెట్టావు?”

పెద్దామె గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

“ఎందుకలా అన్నావు?”

“నువ్వెళ్ళిపోతే ఈ గదిలో మిషను చప్పుడొక్కటే మిగులుతుంది.”

“మా ఆయన మంచాన పడ్డాక నెల జీతం కోసం నేనెంత వెతికానో నీకు తెలీదా?”

“తెలుసు.”

“తెలిసే అన్నావు.”

“తెలిసే అన్నాను.”

చిన్నామె నల్ల గుడ్డ ముక్క తీసింది, నల్ల దారం తీసింది. నలుపు మీద నలుపు కుట్టినప్పుడే కాజాలు కుట్టేవాళ్ళ కంటి సత్తా తెలుస్తుంది. మూడు కాజాలు కుట్టి పెద్దామె చేతిలో పెట్టింది. “చూపు లేదన్న నోటితోనే ఉందని చెప్పిరా.”

పెద్దామె ఆ చిరునామాకి వెళ్ళి ఇస్తే, ఆయన గుడ్డని వెలుతురుకి పట్టి చూశాడు. తిరగేశాడు. వెనక్కూడా ముందులాగే నున్నగా ఉంది. “సోమవారం తొమ్మిదింటికి రమ్మనండి,” అన్నాడు.

తిరుగుదారి పొడుగునా ఆ మాట ఆమెతో నడిచింది. దాని పక్కనే, ‘వేరే మనిషిని తీసేసుకున్నారట’ అనే ఇంకో అబద్ధం, గొడుగు పట్టే చుట్టంలా, ఎంతో మర్యాదగా వెంట వచ్చింది.

గుమ్మంలో చిన్నామె నిలబడి ఉంది. “ఏమన్నాడు?”

ఆ ముఖానికి ఆశని దాచుకోవడం కూడా రావడం లేదు. పెద్దామె చెప్పులు విడిచింది. లోపలికొచ్చి కూర్చుంది.

“సోమవారం తొమ్మిదింటికి. ఆలస్యం చెయ్యకు, మనిషి ముక్కోపిలా ఉన్నాడు.”

చిన్నామె ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. “నా కోపం మాత్రం పోలేదు వదినా. సోమవారం దాకా నీతో మాట్లాడను.”

“సోమవారం నుంచి మాట్లాడ్డానికి నువ్వుండవుగా.”

“అనుభవించు మరి.”

మిగిలిన పగలంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒక చొక్కా, ఏడు కాజాలు. ఎప్పుడో అయిపోవలసిన పని. చిన్నామె ఒక్కో కుట్టు దగ్గరా చెయ్యి ఆపి ఆపి కుడుతుంటే, పెద్దామె కూడా మిషను నెమ్మదిగా తొక్కింది.