బోరు పైపులా బిగించిన ఆయిల్ ఫిల్టరు

తుడియలూరులో పుట్టినవాడు కారు సర్వీసుకి మెకానిక్ దగ్గరికి వెళ్తే వీధిలో తలెత్తుకోలేడు. మా వీధిలో ఇంటికో లేతు మిషను ఉంది. మిషను లేనివాడికి దాని గురించి గట్టి అభిప్రాయమైనా ఉంటుంది. నేను పంపుల కంపెనీలో కొనుగోళ్లు చూసే ఉద్యోగిని. బస్తాల కొద్దీ స్పానర్లు కొన్నాను గానీ ఒక్కటీ తిప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి వీధికి తెలియదు.

ఆ శనివారం కారు సిద్ధంగా ఉండి తీరాలి. మర్నాడు పొద్దున బోడినాయకనూరులో మా మరదలికి వళైకాపు, అంటే కడుపుతో ఉన్న అమ్మాయికి గాజులు తొడిగే వేడుక. అత్తగారు పోయారు కాబట్టి తల్లి స్థానంలో తొలి గాజు మా ఆవిడే తొడగాలి. గాజుల బుట్టలు, పలహారాల డబ్బాలు హాలంతా ఆక్రమించాయి. మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లడానికి మామగారు ముందురోజే వచ్చేశారు. ఆయన జన్మంతా మేం బోడి అని పిలిచే ఆ ఊరి చుట్టుపక్కల తోటల్లో బోరుబావుల్లోకి మోటార్లు దించినవారు.

అంత దూరం వెళ్లే ముందు ఇంట్లోనే ఆయిలు మార్చేద్దామన్న తెలివి నాదే. ముందు చక్రాలను దిమ్మెల మీదికి ఎక్కించి, కింద గోనెసంచి పరిచి, పాత ఆయిలు దించేశాను. అంతవరకు దర్జాగానే సాగింది. ఆ తర్వాత ఆయిల్ ఫిల్టరు. పిడికిలికి కాస్త పెద్దదైన రేకుడబ్బా. చేత్తో తిప్పితే చాలు, ఊడి వస్తుందని వీడియోలో ఒక నవ్వు మొహంవాడు చెప్పాడు. వాడి ఫిల్టరు ఊడింది. నాది ఊడలేదు.

గుడ్డ చుట్టి తిప్పాను. సాండ్ పేపరు చుట్టి తిప్పాను. చివరికి ప్యాంటు బెల్టు తీసి డబ్బాకు చుట్టి లాగాను. ఫిల్టరు కదల్లేదు, ప్యాంటు కదిలింది. కారు కిందినుంచి సగం బయటికున్న మనిషికి అది మంచి పరిస్థితి కాదు. సరిగ్గా అప్పుడే ఎదురింటాయన గేటు దగ్గర ఆగి, "ఎడమకు తిప్పండి సార్" అన్నారు. కింద పడుకున్నవాడికి ఎడమ ఏది అన్న దానిమీద ఆయనకూ మామగారికీ చర్చ మొదలై, కాఫీ వచ్చేదాకా సాగింది.

మామగారు కుర్చీ వేసుకుని నా కాళ్ల దగ్గరే కూర్చున్నారు. నేను మూలిగినప్పుడల్లా ఒక తిట్టు.

"ఎవుడు మాప్పిళ్ళా దీన్ని బిగించింది? వానికి బుద్ధి ఉండాదా?"

మాప్పిళ్ళా అంటే అల్లుడా అని. తిట్టు నాకు కాదు కాబట్టి హాయిగానే ఉంది.

స్క్రూడ్రైవరుతో డబ్బాను పొడిచి తిప్పమన్నది ఎదురింటాయనే. పొడిచాను. మిగిలిన ఆయిలంతా నా మీసాలకు పట్టింది. తిప్పాను. రేకు అప్పడంలా చిరిగింది, ఫిల్టరు మొదలు మాత్రం ఇంజనుకే అతుక్కుంది. ఇక బండి స్టార్టు చేయడానికి కూడా లేదు. మెకానిక్కుకి ఫోను చేస్తే మేలూరులో బంధువుల పెళ్లిలో ఉన్నాడు. వాడి మాట కన్నా మేళమే బాగా వినిపించింది.

మా ఆవిడ వచ్చి మెట్టు మీద కూర్చుంది. నా మొహం చూసి నవ్వలేదు. అప్పుడే నాకు భయం వేసింది.

"ఇన్ని గాజులు బస్సులో ఎట్ల తీసుకపొయ్యేది? తొలి గాజు నేను వెయ్యకుంటే అమ్మ యాడనో ఉండి చూస్తానే ఉంటాది" అంది మెల్లగా.

మామగారు లేచారు. ఎదురింటాయన్ని అడిగి, బోరు పైపులకు వాడే చైను రెంచి తెప్పించారు. "జరగండి మాప్పిళ్ళా" అని పంచె ఎగగట్టి కారు కింద దూరారు. చిరిగిన డబ్బా మొదలుకి చైను బిగించి, ఇద్దరం పిడి పట్టుకుని లాగాం. కర్రుమంది. ఊడింది. ఆ ఊపుకి నేను వెళ్లి పాత ఆయిలు పట్టిన పళ్లెంలో కూర్చున్నాను.

ఊడిన ముక్కను మా ఆవిడ తీసి చూసింది. రబ్బరు చుట్టూ గట్టిపడిన లక్క, ఆ లక్కలో పద్ధతిగా చుట్టిన జనపనార. పైపు అతుకు కారకుండా పంపులవాళ్లు చుట్టేది అదే.

"అప్పా, పోయిన తిరునాళ్లకు మేము బోడికి వచ్చినప్పుడు కారు కింద ఏమో చేస్తా ఉంటివి కదా" అంది.

మామగారు గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. తుడిచిన చేతులే మళ్లీ తుడుచుకున్నారు.

"అప్పుడు చుక్క చుక్కగా కారతా ఉండె. నా బిడ్డ పొయ్యే బండి, నడిదారిలో నిలిచిపోతే? ఇట్ల బిగించకుంటే మోటారు బోర్లో పడిపోదా?"

"ఇది బోర్లో పడదు మామా."

"అది మీకెట్ల తెలుసు?"

మధ్యాహ్నమంతా ఆయన దగ్గరే నేర్చుకున్న తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి. నా బిడ్డ పొయ్యే బండి అన్న మాట దగ్గర అన్నీ వెనక్కి పోయాయి. కొత్త ఫిల్టరు రబ్బరుకు కాస్త ఆయిలు రాసి, చేత్తోనే బిగించి, కొత్త ఆయిలు పోశాను. ఆయన నా పక్కన నిలబడి "ఇంతేనా?" అని అడుగుతూనే ఉన్నారు. మర్నాడు దారి పొడవునా వెనక సీట్లోంచి మెడ చాచి ఆయిలు లైటునే చూశారు.

బోడిలో వేళకే చెల్లెలికి మా ఆవిడ తొలి గాజు తొడిగింది. తొడిగి, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. దీవించడానికి తండ్రి ఏడని వెతికితే ఆయన లోపల లేరు. బయటికి వచ్చాను. కారు కిందినుంచి రెండు పాదాలు, కొత్త పంచె అంచు కనిపించాయి. పక్కన జనపనార కట్ట.

గొంతుక్కూర్చుని "మామా" అన్నాను.

"లోపల బిడ్డలిద్దరూ ఏడుస్తా ఉండారా?" అని కిందినుంచి అడిగారు.

"ఏడుస్తా ఉండారు."

"వాళ్లమ్మ ఉండుంటే..." అని, ఫిల్టరును ఒకసారి తిప్పి చూసి, "ఇది కొంచెం వదులుగా ఉండాది మాప్పిళ్ళా" అన్నారు.

నేను పక్కనే కూర్చుని జనపనార అందించాను.