తొమ్మిదక్క సరే అనాలి

ఆ ఆసుపత్రిలో ఎవరికి ఏం కావాలన్నా ముందు తొమ్మిది నొక్కుతారు. లిఫ్టు మొరాయించినా, పిల్లల వార్డులో పెద్ద డాక్టరు గారి కోసం ఎదురుచూపులు మొదలైనా, ఆపరేషన్ థియేటర్లో ఏసీ చల్లబరచడం మానేసినా, దగ్గర్లో ఉన్న ఫోనెత్తి తొమ్మిది నొక్కితే చాలు. కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న చిన్న గదిలోంచి ఒక ఆడమనిషి గొంతు "ఆపరేటర్‌ని, చెప్పండి" అంటుంది. అవతలివాళ్ళు తమ పేరు చెప్పుకోనక్కర్లేదు. ఊపిరి పీల్చిన తీరును బట్టే ఎవరో పోల్చేస్తుంది. అలా ఏళ్ళు గడిచేసరికి ఆమె అసలు పేరు జీతాల కాగితాల్లోనే ఉండిపోయింది. నర్సుల నుంచి సూపరింటెండెంటు గారి దాకా అందరి నోటా ఆమె తొమ్మిదక్కే.

తొమ్మిదక్కకి చూపు లేదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ కళ్ళు పట్టుకుపోయింది. అడిగితే చెబుతుంది, అడక్కపోతే ఆ ఊసే ఎత్తదు. ఆమెతో రోజూ ఫోన్లో మాట్లాడే డాక్టర్లలో కొందరికి ఇప్పటికీ ఆ సంగతి తెలియదు. అదంటే ఆమెకి లోలోపల భలే సంతోషం. "వాళ్ళకి కావాల్సింది లైను. నా కళ్ళతో వాళ్ళకేం పని?" అంటుంది.

ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో గదినిండా పెద్ద బోర్డు ఉండేది. వరసగా రంధ్రాలు, వాటిలో గుచ్చడానికి వైర్ల చివర ఇత్తడి పిన్నులు. ఎవరైనా పిలిస్తే ఆ రంధ్రం పక్కన చిన్న మేకులాంటిది పైకి లేచేది. వేళ్ళతో ఒకసారి తడిమితే ఏ వార్డు పిలుస్తోందో తెలిసిపోయేది. ఆ బోర్డుని ఊడబెరికి దాని చోట కంప్యూటరు పెట్టిన రోజు ఆమె కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. తడమడానికి ఏమీ లేని నున్నటి గాజు పలక ముందు కూర్చోబెట్టి పని చెయ్యమన్నారు. తెరమీద ఉన్నదాన్ని పైకి చదివే ప్రోగ్రాం ఒకటి ఇచ్చారు. దాన్ని స్క్రీన్ రీడర్ అంటారు. మొదట్లో ఇంటికెళ్ళి తలుపేసుకుని ఏడ్చేది. తర్వాత పట్టుదల వచ్చింది. ఏ మీట నొక్కితే తెరమీద ఏ గది తెరుచుకుంటుందో, ఎన్నిసార్లు కిందికి దిగితే ఎవరి నంబరు తగులుతుందో మొత్తం వేళ్ళకి ఎక్కించుకుంది. ఇప్పుడు ఆమె ఆ గొంతుని ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, పక్కనున్నవాళ్ళకి కందిరీగల రొదలా వినిపిస్తుంది. ఆమెకి మాత్రం ప్రతి ముక్కా విడివిడిగా అందుతుంది.

అలాంటి గదిలోకి ఒక ఉదయం కంప్యూటర్ల ఇన్‌ఛార్జి వచ్చాడు. పని భారంతో ఎప్పుడూ ఆయాసపడుతూ ఉండే మనిషి, మంచివాడే.

"అక్కా, అన్ని కంప్యూటర్లలోనూ కొత్త ఆపరేటింగ్ సిస్టం వేస్తున్నాం. మీ గదితోనే మొదలుపెడదామనుకుంటున్నా."

"పాతదానికి ఏం రోగం?"

"రోగం లేదు. దాన్ని తయారుచేసినవాళ్ళే వదిలేస్తున్నారు. ఇకమీదట దానికి మరమ్మతులుండవు. ఏ వైరసో దూరితే అడ్డుకునే దిక్కుండదు. రోగుల వివరాలన్నీ అందులోనే ఉన్నాయి కదా."

కాదనడానికి లేని మాట.

"మరి కొత్తది మాట్లాడుతుందా?"

"ఎందుకు మాట్లాడదు? స్క్రీన్ రీడర్ దానికీ ఉంది."

"పాస్‌వర్డ్ అడిగే చోట మాట్లాడుతుందా? మధ్యలో తనంతట తాను ఆగి మళ్ళీ మొదలైతే, ఎక్కడిదాకా వచ్చిందో చెబుతుందా? మన ఫోన్ల ప్రోగ్రాంలో ఎవరి లైను ఖాళీగా ఉందో చదువుతుందా?"

ఇన్‌ఛార్జి నీళ్ళు నమిలాడు. "చూసి చెబుతానక్కా."

"చూసి కాదు, విని చెప్పండి," అంది తొమ్మిదక్క. "నా కంప్యూటరు జోలికి మాత్రం రాకండి. కొత్తది ఇంకోదాంట్లో వేసి ఈ పక్కన పెట్టండి. నచ్చితే నేనే సరే అంటాను."

ఆ సాయంత్రం ఇంట్లో ఇదే చర్చ. ఆమె భర్త వడ్రంగి. ఇంటి ముందు గదే దుకాణం. ఏదో తలుపు చెక్కని చిత్రిక పడుతూ విన్నాడు.

"పనిచేస్తున్నదాన్ని కెలకడం దేనికి? ససేమిరా అను," అన్నాడు. "ఈ చిత్రిక మా నాన్నది. ఇప్పుడు కరెంటుతో తిరిగేవి ఎన్నో వచ్చాయి. నేను మార్చానా?"

"మీ చిత్రికకి వైరస్ పట్టదు."

"చెద పడుతుంది."

"పట్టింది కూడా. అప్పుడు మీరేం చేశారు? దిమ్మ మొత్తం మార్చి లోపలి బ్లేడు మాత్రం పాతదే ఉంచారు. మార్చలేదంటారేంటి?"

ఆయన ఆపి నవ్వాడు. "అయితే నువ్వు మార్చాలంటున్నావా, వద్దంటున్నావా?"

ఆఫీసులో వద్దని వాదించి వచ్చిన మనిషి ఇంట్లో కావాలని వాదిస్తోంది. తనకే నవ్వొచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె భయం కొత్తదాని మీద కాదు. పాతదాంట్లో తను ఎవరికీ తీసిపోదు. కొత్తదాంట్లో మళ్ళీ తడుముకునే మనిషి అయిపోతుంది. ఫోన్లో అవతలివాళ్ళు ఒక్క క్షణం ఆగి, "ఎవరైనా కొత్త ఆపరేటరా?" అని అడిగారంటే ఆమె తట్టుకోలేదు.

అనుకున్నట్టే ఇన్‌ఛార్జి కొత్త సిస్టం ఉన్న కంప్యూటరు తెచ్చి పక్క బల్ల మీద పెట్టాడు. కాల్స్ తగ్గే మధ్యాహ్నాల్లో తొమ్మిదక్క దానివైపు తిరిగి కూర్చునేది. మొదటి పరిచయమే చేదుగా జరిగింది. పాస్‌వర్డ్ అడిగే చోట అది నోరే విప్పలేదు. ఎలాగో లోపలికి వెళ్తే, కొత్త గొంతు పసిపిల్లలకి పాఠం చెబుతున్నట్టు సాగదీసి పలికింది. ఫోన్ల ప్రోగ్రాం తెరిస్తే ఎవరి పేరూ చదవకుండా "బటన్, బటన్, బటన్" అంటూ పోయింది. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇది నాకు పనికిరాదు," అని ఇన్‌ఛార్జిని పిలిచి మొహమ్మీదే చెప్పేసింది.

ఆయనా ఆరోజు విసిగిపోయి ఉన్నాడు. "ఒక్క గది కోసం ఆసుపత్రి మొత్తం ఆగదక్కా."

"ఆగొద్దు. నా గది వదిలేసి మార్చుకోండి. తొమ్మిది నొక్కితే ఎవరూ పలక్కపోయినా ఆసుపత్రి నడుస్తుందేమో అదీ చూద్దాం."

ఆయన వెళ్ళిపోయాడు. తొమ్మిదక్క కూడా తర్వాత కాస్త నొచ్చుకుంది. మరీ కటువుగా అన్నానా అనుకుంది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

మర్నాడు ఆయన మళ్ళీ వచ్చాడు. కుర్చీ లాక్కుని ఆ కంప్యూటరు ముందు కూర్చుని, తెర ఆపేసి, హెడ్‌ఫోను తగిలించుకున్నాడు. తెర చూడకుండా ఒక్క నంబరు కలపడానికి ప్రయత్నించాడు. పక్కన ఫోన్లు ఎత్తుతూనే తొమ్మిదక్క ఆ మీటల చప్పుడు వింటోంది. మొదట టకటకమని మొదలై, మెల్లగా ఒక్కో చుక్కగా మారి, చివరికి ఆగిపోయింది.

"ఎక్కడున్నానో నాకే తెలియడం లేదక్కా," అన్నాడు.

"ట్యాబ్ మీటతో రెండుసార్లు వెనక్కి రండి. దారి తప్పినప్పుడు గుమ్మం దగ్గరికి వచ్చేయడమే."

ఆయన వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తప్పాడు. లేచేటప్పుడు, "ఇది నేను ముందే చెయ్యాల్సింది," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత ఆయన ఊరికే కూర్చోలేదు. ఫోన్ల ప్రోగ్రాం తయారుచేసినవాళ్ళతో మాట్లాడి ప్రతి బటనుకీ పేరు పెట్టించాడు. పాస్‌వర్డ్ తెర దగ్గర కూడా గొంతు మొదలయ్యే సెట్టింగు ఎక్కడో లోపల దాక్కుని ఉంటే వెతికి పట్టాడు. వేగం సంగతి తొమ్మిదక్కే చూసుకుంది. ఆ సాగదీసే గొంతుని తనకి కావాల్సిన పరుగులోకి తెచ్చింది.

ఇప్పుడు కొత్తది పాతదానికి సాటి వచ్చింది. కానీ సాటి వచ్చినంత మాత్రాన మారడం దేనికి? మిగతా గదులన్నీ మారిపోయినా తొమ్మిదక్క ఇంకా సరే అనలేదు.

ఆ గదికి రోజూ పొద్దున్నే వచ్చే మనిషి ఒకరున్నారు. గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన. ఆమె బాబాయ్ అని పిలుస్తుంది. ఏ డాక్టరు ఏ వార్డులో ఉంటారో చెప్పే డ్యూటీ చార్టు రోజూ సూపరింటెండెంటు గారి సంతకంతో తయారవుతుంది. దాన్ని ఫోన్లో ఫోటో తీసి అందరికీ పంపుతారు. స్క్రీన్ రీడర్ ఆ ఫోటో దగ్గరికొచ్చి "చిత్రం" అని ఊరుకుంటుంది. టైపు చేసిన ఫైలు పంపమని ఆమె ఎన్నిసార్లు అడిగినా, సంతకం ఉన్నదే లెక్కలోకి వస్తుందని ఆఫీసువాళ్ళు చెప్పేవారు. అందుకని బాబాయ్ గేటు ఇంకొకరికి అప్పగించి వచ్చి, కళ్ళజోడు తుడుచుకుని చార్టంతా చదివి వినిపించేవాడు. ఆమె ఒక్కసారి వింటే సాయంత్రం దాకా మరవదు. ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు. అయినా ఆయన రావడం కాస్త ఆలస్యమైన రోజు, "పిల్లల వార్డులో ఎవరున్నారు?" అని ఫోనొస్తే ఆమె ప్రాణం విలవిల్లాడేది. తన పని మొదలవ్వాలంటే ఇంకొకరు రావాలి. ఆ ముల్లు ఆమె ఎవరికీ చూపించలేదు, భర్తకి కూడా.

ఆరోజు బాబాయ్ ఇంకా రాలేదు. అలవాటు కోసమని ఆమె కొత్త కంప్యూటర్లోనే ఆ రోజు చార్టు ఫోటో తెరిచింది. ఎప్పటిలా "చిత్రం" అంది గొంతు. అక్కడితో ఆగలేదు. "ఇందులో అక్షరాలున్నాయి. చదవడానికి ఎంటర్ నొక్కండి."

తొమ్మిదక్క వేలు మీట మీద ఉండిపోయింది. నొక్కింది.

పిల్లల వార్డు, ఉదయం, ఫలానా డాక్టరు. ఎముకల విభాగం, ఫలానా. అత్యవసర విభాగం, ఫలానా, ఆ పక్కన ఏదో తడబాటు. గొంతు గబగబా చదువుకుంటూ పోతోంది. ఆమె దాన్ని ఆపి, వేగం తగ్గించి, మళ్ళీ మొదటి నుంచి విన్నది. వేగంగా వింటే అర్థం కాదని కాదు. నింపాదిగా వినాలనిపించింది.

గుమ్మంలో బాబాయ్ దగ్గు వినిపించింది. "ఆలస్యమైందమ్మాయ్. బండి మీద ఎవరో పేషెంటుని తెస్తే తోడు వెళ్ళా. ఏదీ చార్టు?"

"కూర్చో బాబాయ్. ఇవాళ నేను చదువుతాను, నువ్వు విను."

ఆమె మీట నొక్కకుండానే మొదలుపెట్టింది. వార్డు తర్వాత వార్డు, పేరు తర్వాత పేరు. బాబాయ్ కళ్ళజోడు పెట్టుకుని తెర మీద వేలు ఆనిస్తూ ఒక్కో వరసా సరిచూసుకున్నాడు. చివరి వరస మీంచి వేలు తీశాడు.

"చెప్పినవన్నీ కరెక్టే," అన్నాడు. "అయితే ఇక నాతో పనిలేదన్నమాట," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు సగమే.

తొమ్మిదక్క ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. "అత్యవసర విభాగం పక్కన ఏదో ఉంది, చూడు. అక్కడికొచ్చేసరికి ఇది తడబడుతోంది."

ఆయన వంగి చూశాడు. "పెన్నుతో కొట్టేసి ఇంకో పేరు రాశారు. మన డాక్టర్ల రాత."

"అదీ సంగతి. అచ్చు దీనికి, గీతలు నీకు. రోజూ టీ తాగడానికి రావడం మాత్రం మానకు. అది ఈ చార్టులో లేదు."

బాబాయ్ ఈసారి పూర్తిగా నవ్వాడు. ఆయన వెళ్ళాక ఆమె ఇన్‌ఛార్జికి ఫోను చేసింది.

"నేను. సరే అంటున్నా."

"నిజంగానా అక్కా? ఏ పూట వేద్దాం?"

"మీకు వీలున్న పూట. వేసేటప్పుడు మాత్రం నేను పక్కనే ఉంటా. మాట్లాడే ప్రోగ్రాం ముందు, మిగతావన్నీ తర్వాత."

అలాగే జరిగింది. మొదటి రోజు ఒకటి రెండు కాల్స్ కలపడంలో చెయ్యి తడబడింది. ఒక సర్జను గారు, "ఏంటి తొమ్మిదక్కా, ఇవాళ తీరిగ్గా ఉన్నావు?" అన్నారు కూడా. ఆమె నొచ్చుకోలేదు. "కొత్త సిస్టం సార్. ఇంకో రెండు రోజుల్లో మీరే నాతో పరిగెత్తలేరు," అంది.

పరిగెత్తింది కూడా. చార్టు వచ్చిన మరుక్షణమే ఎవరెక్కడున్నారో ఆమెకి తెలిసిపోతోంది. ఆ తర్వాత ఆసుపత్రికి రోగుల వివరాలు రాసుకునే కొత్త ప్రోగ్రాం తేవాలనుకున్నప్పుడు, మీటింగులో ఇన్‌ఛార్జి లేచి, "ముందు ఫోన్ల గదిలో పెట్టి చూద్దాం. అక్కడ నడిస్తే ఎక్కడైనా నడుస్తుంది," అన్నాడట. మీటింగులో ఉన్న నర్సొకామె పనిగట్టుకుని తొమ్మిది నొక్కి మరీ ఆ మాట చేరవేసింది. తొమ్మిదక్క "అలాగా" అని మామూలుగా అని ఇంకో లైను అందుకుంది. కానీ ఆ పూటంతా "ఆపరేటర్‌ని, చెప్పండి" అనడంలో ఒక మెరుపుందని తర్వాత చాలామంది అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి ముందు గదిలో ఎవరో ఖాతాదారు కూర్చుని ఉన్నాడు. లోపల చేతులు కడుక్కుంటున్న ఆమెకి భర్త గొంతు వినిపించింది.

"మా ఆవిడ సరే అంటేగానీ అంత పెద్ద ఆసుపత్రిలో ఒక్క కంప్యూటరు కూడా మారలేదండీ. ఇన్‌ఛార్జి గారు రోజూ వచ్చి బతిమాలుకున్నారు."

"రోజూ ఏం రాలేదు. నా గది తప్ప మిగతావన్నీ ముందే మార్చేశారు," అంది తొమ్మిదక్క లోపల్నుంచి.

"చూశారా," అన్నాడాయన ఖాతాదారుతో, ఏమాత్రం తగ్గకుండా. "గొప్ప చెప్పుకోవడం ఇష్టముండదు మా ఆవిడకి."

ఆ మాట మాత్రం అబద్ధం. ఆమె తుండుగుడ్డ అక్కడే పడేసి, అసలు జరిగిందేమిటో మొదట్నుంచి తనే చెప్పడానికి ముందు గదిలోకి వచ్చి కూర్చుంది.