తెల్ల దారం కట్టిన కాయలు

1961 నుంచి ఒక మాటను మోస్తున్నాను. పిల్లల్ని కన్నాను, పెంచాను, భర్తను సాగనంపాను. ఆ మాట మాత్రం గొంతు దాటలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. బహుశా అందుకే ఈరోజు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో బషీరాబాద్ దగ్గర ఒక పటేలు చేనులో కొత్త మిరప పుట్టించే పని జరిగేది. మా వైపు మిరప బాగా కాస్తుంది కానీ కాయ పొట్టి, రంగు తక్కువ. పటేలు కన్నడ సీమ నుంచి తెచ్చిన మిరపకు రంగు గొప్పది, కాపు అంతంతమాత్రం. రెండింటినీ కలిపి రంగూ కాపూ ఉన్న విత్తనం తీయాలని ఆయన పట్టుదల.

మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టి, రేకులు మెల్లగా తెరిచి, లోపలి పుప్పొడి తిత్తుల్ని సూదితో తీసేయాలి. ఒక్కటి మిగిలినా ఆ పువ్వు తన పొడితోనే కాయ కడుతుంది. ఇక కలిపినట్టు కాదు. తెల్లవారాక కన్నడ మిరప పుప్పొడి అద్ది, కాడకు దారం కట్టాలి. నాది ఎర్ర దారం. నా పక్క సాలులో కూలి చేసే బాలమణిది తెల్ల దారం. ఎవరు ఎన్ని కట్టారో పటేలు ప్రతి ఉదయం చూసేవాడు.

బాలమణి నాకంటే ఆరేళ్లు చిన్నది. మొగుడు పోయాడు, ఒక ఆడపిల్ల ఉంది. ఆమె ఉంటే చేను నవ్వుతూ ఉండేది. "అక్క పువ్వుపువ్వుకు పేరు పెట్టి మాపటికి హాజరు దీస్తది" అని నన్ను ఆటపట్టించేది. నా లెక్క తప్పదన్నది నిజమే. కానీ నేను నలభై పూలు కట్టే పూటలో ఆమె అరవై కట్టేది.

ఆ అక్టోబరులో ఒక సాయంత్రం ఊళ్లో పెళ్లి ఊరేగింపు. చూడాలనిపించి కొన్ని మొగ్గల్ని అలాగే వదిలి వెళ్లాను. తెల్లవారుజామున వచ్చి చేద్దామనుకున్నాను. ఆలస్యమైంది. వచ్చేసరికి ఎండ పడి పూలు విచ్చుకున్నాయి, పుప్పొడి రాలిపోయింది. వాటిని తుంచి పారేయాలి. పారేస్తే నా లెక్క తగ్గుతుంది. ఎర్ర దారం కట్టేశాను. ఇరవై మూడు.

అంతటితో ఆగి ఉంటే ఇది ఇంత బరువయ్యేది కాదు.

డిసెంబరులో కాయలు పండాయి. పటేలు మమ్మల్ని నిలబెట్టి, ఒక్కో రంగు దారం విత్తనం ఒక్కో మడిలో వేస్తానని, వచ్చే ఏడు మొక్కల్ని చూస్తే ఎవరి పని నిజమో తెలుస్తుందని చెప్పాడు. తెల్ల దారం మొక్కలు సరిగ్గా వస్తే బాలమణిని మా అందరి మీద పనికి పెద్దగా పెడతానని కూడా అన్నాడు.

మర్నాడు బాలమణిని దారం అడిగాను. కాలికి దెబ్బ తగిలింది, గుడ్డ కట్టుకోవాలన్నాను. ఆమె తన ఉండలోంచి మూడు మూరలు కొలిచి, పంటితో తెంపి ఇచ్చింది. అందరూ గట్టు మీద బువ్వ తింటుంటే నేను చెట్ల మధ్య కూర్చుని ఆ ఇరవై మూడింటిలో రాలకుండా నిలిచిన కాయలకు ఎర్ర దారాలు విప్పి తెల్లవి కట్టాను.

మరుసటి ఏడు ఎర్ర దారం మడిలో అన్నీ కలిసిన మొక్కలే వచ్చాయి. తెల్ల దారం మడిలో ఎక్కడ చూసినా మధ్య మధ్య మా పాత పొట్టి కాయే. పటేలు ఆమెను పిలిచాడు.

"ఏందే బాలమణీ, ఉత్తగ దారం కట్టి నా కండ్లు గప్పినవా?"

"లే పటేలా. నా బిడ్డ మీద ఒట్టు. ఒక్క పువ్వు గూడ గట్ల ఇడువలే."

"మరి గీ పొట్టి కాయ మొగులు మీదికెల్లి పడ్డదా?"

ఆమె నావైపు తిరిగింది. "అక్కా, జర నువ్వన్న చెప్పు. నీ పక్కనే జేసిన గద. నా చెయ్యి చూసినవ్ గద."

"నా పని నేను చూసుకున్న," అన్నాను. "పక్కకు చూడలే."

ఆమె ఏడవలేదు. సూదిని గట్టు మీద పెట్టి వెళ్లిపోయింది. పనికి పెద్దను నేనయ్యాను.

దొంగపని చేసిందన్న పేరు చుట్టుపక్కల చేన్లన్నిటికీ పాకింది. ఎవరూ కూలికి పిలవలేదు. బిడ్డను తీసుకుని తాండూరు పోయి నాపరాతి గనిలో చేరింది. ఐదేళ్లు ఆ దుమ్ము మింగింది. 1967 చలికాలంలో వికారాబాద్ దగ్గర అనంతగిరి క్షయ దవాఖానలో ఉందని తెలిసి వెళ్లాను. చెప్పాలనే వెళ్లాను. రైలు దిగి కొండ ఎక్కేదాకా మాటలు కూడగట్టుకున్నాను. దగ్గు ఆగిన సందులో ఆమె నన్ను అడిగింది, కొత్త మిరపకు రంగు వచ్చిందా అని. వచ్చిందన్నాను. ఆమె ముఖం వెలిగింది. దుప్పటి సర్ది, లేచి వచ్చేశాను. నెల తిరగకముందే పోయింది.

భయంతో చేశానని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. పని పోతుందన్న భయం, మాట పడతానన్న భయం. లెక్కలు సరిచూసుకునే అలవాటు నాకు ఇంకా పోలేదు. ఈ లెక్క సరిపోవడం లేదు. మిరపకు కట్టిన పూలు ఎన్నో రాలిపోతాయి, పిందెలూ రాలిపోతాయి. ఎందుకు రాలాయని ఎవరూ అడగరు. భయమే అయితే ఆ కాయల్ని తుంచి కొంగులో వేసుకుని, ఇంటికి వెళ్లి పచ్చడి నూరుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఈ సంగతి నాకు తర్వాత తట్టింది కాదు. చెట్ల మధ్య కూర్చున్నప్పుడే తెలుసు. మరి ఎందుకు తుంచలేదు?

ఆమె నాకంటే పనిమంతురాలు. ఆమె కింద పనిచేయడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకడం లేదు.

ఆమె బిడ్డ తాండూరులోనే ఉంది. తల్లి దొంగపని చేసి కూలి పోగొట్టుకుందని ఆమె కూడా వినే ఉంటుంది. ఆ గడప ముందు నిలబడే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఆ పూలు కట్టింది నేను. దారం మార్చింది నేను. బాలమణి ఏ తప్పూ చేయలేదు. ఈ మాట నా చేత్తో రాయడం ఇదే మొదలు.