కన్వర్టర్ సారు

కరీంనగర్ కాలేజీలో సీ ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాష చెప్పే లింగమూర్తి సారుకు ఒకటే పిచ్చి. ఏది ఏదిగా మారాలన్నా ముందు "మార్చేటోడున్నడా?" అని అడగాల్సిందే.

పాఠంలో అది న్యాయమే. మనం కొట్టిన అక్షరాలు అంకెగానో తేదీగానో మారాలంటే ఆ పని తెలిసిన కన్వర్టర్ ఉండాలి. ఉందో లేదో వెతకాలి, దొరికితేనే వాడాలి. సారు దాన్ని ఇంటికీ మోసుకుపోయాడు. రాత్రి మిగిలిన అన్నం పులిహోర చేస్తానని భార్య తారాబాయి అన్నా అదే ప్రశ్న. ఆమె గంటె చూపించేది. మక్బూల్ హోటల్లో కాఫీ అడిగితే చాయ్ వచ్చిందని, ఎవరు మార్చారో తేలేదాకా గ్లాసు ముట్టలేదు.

అందరూ పడీపడీ నవ్వేవారు. మంథని నుంచి వచ్చి సారు క్లాసులో చదివే సరళాదేవికి మాత్రం నవ్వు వచ్చేది కాదు. తెలుగు మీడియం పిల్ల. హైదరాబాదు నుంచి వచ్చే పరీక్షకుడు వైవా, అంటే నోటి పరీక్ష, అంతా ఇంగ్లీషులోనే అడుగుతాడట. తప్పితే చదువు బంద్ అని బాపు ముందే చెప్పాడు. వారం నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఆ రోజు రానే వచ్చింది. కన్వర్టర్ దొరకకపోతే ఏం చేస్తావని పరీక్షకుడు ఇంగ్లీషులో అడిగాడు. ప్రశ్న అర్థమైంది, జవాబూ తెలుసు. దాన్ని ఇంగ్లీషులో పెట్టడమే చేతకాలేదు. తప్పిందని రాయడానికి పరీక్షకుడు పెన్ను తీశాడు.

గోడవారగా నిలబడ్డ లింగమూర్తి సారు గొంతు సవరించుకున్నాడు. "సార్, మీ ఇంగ్లీషుకు, గీ పిల్ల తెలుగుకు నడుమ మార్చేటోడున్నడా?"

పరీక్షకుడు చిరాగ్గా "లేడు" అన్నాడు.

"అయితే నేనుంట. చెప్పు బిడ్డా."

సరళ కళ్లు మూసుకుని అందుకుంది. "జబర్దస్తీ మార్చొద్దు సార్. మారినట్టే కనవడ్తది గని లోపలున్నది ఖరాబైతది. అయ్యో, ఇంకోటి మర్చిపోయిన... ఆఁ, దొరకలేదని చెప్పి ఆగాలె."

సారు ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పాడు. ఆ అయ్యోను, మర్చిపోవడాన్ని కూడా. పరీక్షకుడు పకపకా నవ్వి, పాసని రాసి పంపాడు.

బయటికొచ్చాక చూస్తే సారు చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది.

"మీకు గూడ భయమైందా సార్?"

"కాదా మరి? నాది గూడ తెలుగు మీడియమే. నా వైవాల నడుమ ఎవ్వలు లేకుండె. రెండుసార్లు తప్పిన."

వారం రోజుల్లో మొదటిసారి సరళకు ఆకలేసింది.