మస్తాన్ బాబాయ్ కొట్టని నంబరు

పొద్దున ఓ పాత జీపు సైలెన్సర్‌లో పరీక్ష గొట్టం పెట్టి యాక్సిలరేటర్ తొక్కమన్నాను. నల్లటి పొగ గుప్పున మొహాన కొట్టింది. ఆ కాలిన డీజిల్ వాసనకి తల తిప్పుకున్నాను కానీ, మస్తాన్ బాబాయ్ ఎదురుగా వచ్చి నిలబడినట్టే అయింది. ఆయన పోయి రెండేళ్లు. నరసరావుపేటలో పొగ పరీక్షల కేంద్రం పెట్టుకుని బండ్లకు సర్టిఫికెట్లు ఇస్తున్న నాకు, అసలు ఇంజిన్ అంటే ఏమిటో చెప్పింది ఆయనే.

డిప్లొమా చేతబట్టుకుని వినుకొండ రోడ్డులో ఆయన షెడ్డుకు వెళ్లిన రోజు మిగతా మెకానిక్కులు నవ్వారు. ఆయన నవ్వలేదు. "చున్నీ ఫ్యాన్ బెల్టులో పడకుండా గట్టిగా కట్టుకోమ్మా, పనికి రా" అన్నాడు, అంతే. పాత జీపులకు ఇంజిన్ మార్చాలంటే చుట్టుపక్కలంతా ఆయన పేరే చెప్పేవాళ్లు. కాకపోతే ఆయనకో చాదస్తం. రవాణా ఆఫీసు అనుమతి ముందు, స్పానర్ తర్వాత. మిగతావాళ్ల పద్ధతి వేరు. కొత్త ఇంజిన్ మీది నంబరు ఆకురాయితో అరగదీసి, ఆర్సీలో ఉన్న పాత నంబరు దాని మీద సుత్తితో కొట్టేస్తారు. కాగితానికీ బండికీ తేడా రాదు. అలాంటి నంబరు మీద ఒకసారి బాబాయ్ నా బొటనవేలు ఆనించాడు.

"నున్నగా జారతంది చూడు. కంపెనీ అచ్చు ఇట్టా జారదు. ఈ పని నా షెడ్డులో జరగదమ్మా."

నేను సొంతంగా ఈ కేంద్రం పెట్టుకున్నాక, ఈపూరు వైపు నుంచి రామకోటయ్య అనే రైతు తన తండ్రి నాటి జీపు బాబాయ్ షెడ్డుకు తెచ్చాడు. శివరాత్రి తిరునాళ్లకు వాళ్ల ఊరివాళ్లు ఎత్తుగా కట్టి అలంకరించిన ప్రభ కోటప్పకొండకు కదిలితే దాని ముందు ఆ జీపే నడవాలి. ఇంజిన్ పూర్తిగా పోయింది. బాబాయ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాడు. వేరే రకం ఇంజిన్ కాబట్టి, అది పొగ నిబంధనలకు సరిపోతుందని పరీక్షా సంస్థ నుంచి సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఆ సంస్థ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంది.

"ఏంది మస్తానూ, పండగ పోయినాక ఇస్తావా బండి?" అన్నాడు రామకోటయ్య.

"కాగితం రాకుండా చెయ్యనయ్యా. రేపు పట్టుకుంటే పోయేది మీ బండే."

రామకోటయ్య జీపును ఇంకో షెడ్డుకు లాక్కుపోయాడు. వారం తిరక్కుండా అది పొగ పరీక్షకు నా కేంద్రానికి వచ్చింది. ఇంజిన్ ఎక్కడ వేయించారో తెచ్చిన డ్రైవరే చెప్పాడు. బానెట్ ఎత్తి నంబరు మీద వేలు పెట్టాను. జారింది. పొగ మాత్రం హద్దులోనే ఉంది. నా పని పొగ చూడటమే కదా అని నాకు నేనే చెప్పుకుని సర్టిఫికెట్ ఇచ్చేశాను. అంత తేలిగ్గా ఎలా ఇచ్చానా అని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పండగయ్యాక తనిఖీలో ఆ నంబరు సంగతి బయటపడి జీపు దొరికింది. "మస్తానే మార్చాడు" అన్నాడు రామకోటయ్య. ఆఫీసు ఫైల్లో ఇంజిన్ మార్పిడికి దరఖాస్తు పెట్టిన మెకానిక్కు కూడా బాబాయే. రెండో షెడ్డువాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. పద్ధతిగా వెళ్లినందుకు మనిషి అడ్డంగా ఇరుక్కుపోయాడు.

రామకోటయ్యనీ, బాబాయ్‌నీ, నన్నూ రవాణా ఆఫీసుకు పిలిపించారు. నేను ఉన్నదున్నట్టు చెబితే బాబాయ్ బయటపడతాడు. కానీ తెలిసే సర్టిఫికెట్ ఇచ్చానని తేలి నా లైసెన్సు పోతుంది. వరండాలో ఆయన పక్కన కూర్చుని మెల్లగా అన్నాను.

"జీపు నా దగ్గరికొచ్చింది బాబాయ్."

"వేలు పెట్టి చూశావా?"

"చూశాను."

ఆయన నా బొటనవేలి వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

లోపల అధికారి నా వైపు తిరిగి, "నంబరు మార్చిన సంగతి మీకు తెలుసా?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకునే లోపే బాబాయ్ అందుకున్నాడు.

"ఆ అమ్మాయికి ఇయ్యేం తెలవదు సార్. నేను నేర్పలేదు."

నేను అవునన్నట్టు తల ఊపాను. ఆయన షెడ్డుకు తాళం పడింది. కోర్టు చుట్టూ తిరిగి తిరిగి, కేసు తేలకముందే పోయాడు.

పని ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఎవరైనా అడిగితే, కాలేజీలోనే అంటాను. ఆయన కోసం ఒక్క మాట పలకలేని ఈ నోటికి, ఆ మాట మాత్రం తడుముకోకుండా వస్తుంది.