టెంట్ సైట్‌లో టెంట్ ఏదీ?

"ఆ రోజుల్లో మనవాళ్ళకి క్యాంపింగ్ అంటే ఏమిటో తెలియదు. మా ఆవిడ పైసా తీయడానికి ఇష్టపడక, టెంట్ కొనకుండా అడవిలోకి వెళ్ళి చీర కింద పడుకుంటే ఎలుగుబంటి వచ్చింది, అందరూ పరిగెత్తి కారులో దాక్కున్నారు." ఇదీ, తలా ఒక వంట తెచ్చుకునే ప్రతి పాట్‌లక్ విందులోనూ మా ఇంటాయన చెప్పే కథ. నేను వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి సరిచేసేలోపు ఆయన ఆ ఎలుగుబంటికి ఇద్దరు పిల్లల్ని కూడా పుట్టించేస్తారు. నా మొదటి అభ్యంతరం: ఆయన అక్కడ లేరు. అక్కడేమిటి, అప్పటికి నా జీవితంలోనే లేరు. రెండోది: ఎలుగుబంటి లేదు, మా డాక్టరమ్మ గురక ఉంది. మూడోది ముఖ్యమైనది: మేం టెంట్ కొనకపోవడానికి కారణం పిసినారితనం కాదు, తర్కం.

అప్పుడు కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో ముగ్గురం ఉండేవాళ్ళం. గుంటూరు నుంచి నేను, వరంగల్ నుంచి డాక్టరమ్మ (చదివింది కంప్యూటర్లే, కానీ ఎవరు తుమ్మినా ఏ మాత్ర వేసుకోవాలో చెప్పేది), నెల్లూరు నుంచి ఇస్త్రీ. దిండు గలీబులు కూడా ఇస్త్రీ చేసుకునే మనిషికి వేరే పేరెందుకు? ఉన్నట్టుండి ఇస్త్రీ ప్రాజెక్టు అయిపోయింది. వీసా నిలబడాలంటే దొరికిన ఉద్యోగం పట్టుకోవాలి, దొరికిందేమో న్యూజెర్సీలో. సోమవారమే ఫ్లైటు. పెట్టె సర్దుకుంటూ, "ఇన్నాళ్ళూ కాలిఫోర్నియాలో ఉండి పార్కింగ్ లాట్లు తప్ప ఏం చూశానే? ఒక్క పొద్దున్నైనా ఆ పెద్ద చెట్ల కింద నిద్ర లేవాలనుకున్నా" అంది. అంతే, నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. సముద్రం వైపు కొండల్లో, రెడ్‌వుడ్ చెట్ల మధ్య, ఎవరో బుక్ చేసుకుని వద్దనుకున్న క్యాంప్ సైట్ ఒకటి శనివారానికి దొరికింది. దాని పక్కన స్పష్టంగా రాసి ఉంది, 'టెంట్ సైట్' అని.

ఇప్పుడు మీరే చెప్పండి. మా గుంటూరులో వీధి చివర టెంట్ హౌస్ ఉండేది. ఏ ఇంట్లో పెళ్ళయినా వాళ్ళకి ఒక మాట చెబితే చాలు, షామియానా, కర్రలు, జంపఖానాలు, ఆఖరికి గంగాళాలతో సహా తెచ్చి, వేసి, మర్నాడు వాళ్ళే పీక్కుపోయేవాళ్ళు. టెంట్ సొంతంగా కొనుక్కునే మనిషిని నేను పుట్టాక చూడలేదు. హోటల్ రూమ్ అంటే రూమ్ ఇస్తారు, టెంట్ సైట్ అంటే టెంట్ ఇవ్వరూ? ఈ వాదనకి ఆ ఇద్దరూ తలలూపారు. (ఇప్పుడు మాత్రం, "నాకు అప్పుడే డౌటొచ్చింది" అంటుంది డాక్టరమ్మ. అబద్ధం.) కాబట్టి లోపలికి కావలసినవే సర్దుకున్నాం, అన్నీ ఇంట్లోవే: కింద పరవడానికి రెండు బాత్రూముల షవర్ కర్టెన్లు, పెద్ద చెత్త సంచులు, కంఫర్టర్ దుప్పట్లు, వాటి మీదకి మా ఇస్త్రీదే ఒక నేత చీర, బట్టలారేసే తాడు, పాల గ్యాలన్ డబ్బాల నిండా నీళ్ళు. ఒక డబ్బాకి టార్చ్‌లైట్ కడితే లాంతరు అవుతుందనీ, బట్టల డ్రయ్యర్‌లో పోగయ్యే పీచుని కోడిగుడ్ల అట్టపెట్టెలో కుక్కితే నిప్పు ఇట్టే అంటుకుంటుందనీ ఆఫీసులో ఒకావిడ చెప్పింది. అవీ తయారుచేశాం.

తీరా వెళితే ఒక చెక్క బల్ల, నిప్పు వేసుకోవడానికి ఒక ఇనప చక్రం, నంబరు రాసిన కర్ర. టెంట్ వేసేవాళ్ళు ఇంకా రాలేదనుకుని కారులో కూర్చుని జంతికలు తింటూ ఎదురుచూశాం. ఎంతకీ ఎవరూ రారు. చివరికి అటుగా వెళుతున్న, పార్కు చూసుకునే రేంజరమ్మని ఆపి, మా టెంట్ ఇంకా డెలివరీ కాలేదని గట్టిగానే ఫిర్యాదు చేశాను. ఆవిడ మా ముఖాలూ, జంతికల డబ్బా చూసి, మీరు అద్దెకు తీసుకున్నది మట్టి మాత్రమేనమ్మా అని నెమ్మదిగా చెప్పింది. అలాగైతే మట్టి సైట్ అని రాయాలి కదా అని నేను వాదించాను. (ఈ మాట మీద ఇప్పటికీ నిలబడతాను.) ఆవిడ ఒప్పుకున్నట్టే తలూపి, చెట్లకి తాళ్ళు కట్టవద్దనీ, తెల్లవారుజామున మంచు కారుతుందనీ చెప్పి వెళ్ళిపోయింది.

"పోనీలేవే, ఇంటికెళ్ళిపోదాం. చెట్లు చూశాంగా" అంది ఇస్త్రీ. ఆ 'చూశాంగా' అన్న తీరు నాకు నచ్చలేదు. సోమవారం వెళ్ళిపోయే మనిషి అలా సర్దుకుపోతుంటే చూస్తూ ఊరుకుంటానా? తాడు ఒక కొస కారు తలుపులో బిగించాను, ఇంకో కొస నంబరు కర్రకి కట్టాను. దాని మీద షవర్ కర్టెన్ బట్టలారేసినట్టు వేసి, మీద రెండోది కూడా వేసి, అంచుల్లోని రింగులకి నీళ్ళ డబ్బాలు కట్టి రెండు పక్కలకీ లాగాం. కింద చెత్త సంచులు. రెండు చివరలూ తెరిచే ఉన్నాయి కాబట్టి అక్కడ చీర. ఇది గమనించండి: చీర గోడ మాత్రమే, కప్పు కాదు. ఆ గోడకి ఇస్త్రీ కుచ్చిళ్ళు పోసి పిన్నీసులు పెట్టింది. ఒక కుచ్చి వంకరొచ్చిందని మొత్తం విప్పింది కూడా. "ఏందే, టెంట్ కడుతున్నవా, పెళ్ళికూతుర్ని చేస్తున్నవా?" అని డాక్టరమ్మ తల పట్టుకుంది. పక్క సైట్ పెద్దాయన మాత్రం మా గుడారం చుట్టూ ఒకసారి తిరిగి, బాగుంది, ఏ బ్రాండ్ అని అడిగాడు. వెంకటగిరి అని చెప్పాను. ఆయన శ్రద్ధగా రెండుసార్లు పలికి చూసుకున్నాడు. డ్రయ్యర్ పీచు అంటించగానే మండింది, ఉప్మా కాస్త మాడింది. పాక్కుంటూ లోపలికి వెళ్ళి ఒకరి మీద ఒకరం పడ్డట్టు పడుకున్నాం.

తెల్లవారుతుండగా టపటపమని చప్పుడుకి మెలకువ వచ్చింది. వాన కాదు, కొమ్మలకి పట్టిన మంచు చుక్కలుగా మా కర్టెన్ మీద రాలుతోంది. ఇస్త్రీ నా పక్కనే లేచి కూర్చుని, చీర గోడ కాస్త పక్కకి తీసి, పైకి చూస్తోంది. చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి గాని చివరలు పొగమంచులో ఎక్కడున్నాయో తెలియడం లేదు. ఇస్త్రీ చెంపలు రెండూ తడిగా ఉన్నాయి.

"ఏమే, ఏడుస్తున్నావా?"

"లేదే. మంచు కారుతోంది."

"నా టెంట్ కారదు."

"కారుతోందిలే, నువ్వు పడుకో."

"ఇద్దరికీ జలుబు చేస్తది, పండుండ్రి" అంది డాక్టరమ్మ కళ్ళు తెరవకుండానే.

ఇప్పుడు మా గ్యారేజీలో నిజమైన టెంట్ ఉంది. మా ఇంటాయన కొన్నారు. దాన్ని నిలబెట్టాలంటే ఆయన వీడియో చూడాలి, అందులోంచి లేవాలంటే నన్ను ఇద్దరు పట్టి లేపాలి. చెత్త సంచుల మీద పాక్కుంటూ వెళ్ళి పడుకున్న ఆ మనిషి నేనేనంటే నా మోకాళ్ళు నమ్మవు. న్యూజెర్సీలోని ఐసెలిన్ నుంచి ఇస్త్రీ ఫోన్ చేసినప్పుడల్లా, టెంట్ కారిందా లేదా అన్న పాత వాదన మళ్ళీ మొదలవుతుంది. తను ఒక్క అంగుళం కదలదు, నేనూ కదలను. ముసలిదానివయ్యేదాకా ఇదే అడుగుతావా అని నవ్వుతుంది. అడుగుతాను. ఇది నువ్వు చదువుతావని తెలుసు కాబట్టి అందరి ముందూ అడుగుతున్నాను, ఇస్త్రీ. మన తల మీద కర్టెన్ మీద కర్టెన్ ఉంది. నిన్ను ఆనుకుని ఉన్న నా మీద ఒక్క చుక్క పడలేదు. మరి ఆ మంచు నీ ఒక్కదాని మొహం మీదే ఎలా కారిందే?